సగంలో ఆపిన ఉంగరాలు

ఏమండీ, మీ జుట్టు ఎటువంటిది? తల తడుముకోనక్కర్లేదు, ఊరికే అడిగాను. దువ్వెన పెడితే కొసదాకా జర్రున జారిపోయే రకమా? అయితే మీరు పుణ్యాత్ములు. మీకు ఈ కబుర్లతో పనేమీ లేదు. అయినా లేచిపోకండి. మన ఇంట్లో లేని తంటా పక్కింట్లో ఉంటే వినడానికి ఎంత బాగుంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మాది ఉంగరాల జుట్టు. మాది అంటే నా ఒక్కదానిదే కాదు, హిందూపురంలో మా పుట్టింటి ఆడవాళ్ళందరిదీ. మా మేనత్త తలలో దువ్వెన విరగడం వింత కాదు. విరక్కుండా బయటికొస్తే వింత. పెళ్ళిచూపులనాడు గిన్నెడు నూనె పోసి, నీళ్ళు చల్లి, తలకి అంటుకుపోయేలా దువ్వి జడ వేసేవాళ్ళు. వచ్చినవాళ్ళు కాఫీ తాగే లోపే చెవి పక్కన ఒకటి, నుదుటి మీద ఒకటి, ఉంగరాలు లేచి కూర్చునేవి. ఏం చేస్తాం, వాటికి మాత్రం పెళ్ళికొడుకుని చూడాలని ఉండదూ!

ఇప్పుడు నేనుండేది దేవనహళ్ళిలో. అవును, విమానాశ్రయం ఊరే. బెంగళూరులో దిగామని మీరు ఫోన్లు చేసి చెప్పుకుంటారు గానీ, దిగేది మా తాలూకాలోనండీ బాబూ. 2008 మే నెలలో ఆ విమానాలు రాకముందు మా ఊరంటే టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు, చక్కోత పండ్ల ఊరు. చక్కోత అంటే మన పంపరపనసే. ఇప్పుడు బజారులో నాలుగడుగులేస్తే ఒక పార్లరు. బోర్డు మీద వరసగా రాసి ఉంటుంది: స్మూతెనింగ్, రీబాండింగ్, కెరాటిన్, బొటాక్స్. చదవడానికే సగం పూట పడుతుంది. ధర మాత్రం బోర్డు మీద ఉండదు. అది కుర్చీలో కూర్చున్నాక చెప్తారు, మెడకి గుడ్డ కట్టేశాక.

అలాంటి ఒక కుర్చీలో కూర్చుని నేను అడిగిందేమిటంటే, సగంలో ఆపమని.

పార్లరమ్మాయి అద్దంలోంచి నా వంక చూసింది. "సగం అంటే ముందు సగమా అక్కా, వెనక సగమా?"

"అదేం కాదమ్మా. తలంతా చెయ్యి. కానీ పూర్తిగా తిన్నగా చెయ్యకు. ఉంగరం కాస్త వదులైతే చాలు."

"ఎవరూ ఇట్లా అడగరక్కా. డబ్బులు ఫుల్లుగానే పడతాయి."

"పడనీ. అన్నం మెత్తబడేదాకా ఉంచకుండా పలుకుగా ఉన్నప్పుడే దించమంటే దించవా? ఇదీ అంతే."

దించింది. సణుగుతూనే దించింది. ఆ సణుగుడుకి విడిగా డబ్బు తీసుకోలేదు, అదొక్కటే మేలు.

అసలు లోపల జరిగేదేమిటో చెప్పనా? వెంట్రుకంటే కెరాటిన్ అనే ప్రోటీను. ఆ ప్రోటీను పోగుల మధ్య గంధకం వేసిన ముడులుంటాయి. ఉంగరం తిరిగిన జుట్టుని ఆ తిరుగుడులోనే పట్టి ఉంచేవి అవే. పార్లరు క్రీములో ఉండే థయోగ్లైకొలేట్ పోయి ఆ ముడుల్ని విప్పుతుంది. విప్పిన జుట్టుని వేడి ఇస్త్రీతో సాగదీసి, న్యూట్రలైజరు పూస్తే ముడులు కొత్త చోట పడతాయి. జుట్టు ఇక తిన్ననే. మరి క్రీముని తొందరగా కడిగేసి, ఇస్త్రీ మానేసి, న్యూట్రలైజరు పెడితే? కొన్ని ముడులు విడతాయి, కొన్ని మొండికేస్తాయి. స్ప్రింగులు పోయి అలలు వస్తాయి. నాకు కావలసింది అదే. తడిసినప్పుడు నడుము దాకా ఉండి, ఆరగానే భుజాల మీదికి ఎగబాకే నా జుట్టు ఇప్పుడు ఆరినా కాస్త కిందే ఉంటోంది. అంత పొడుగు జుట్టు నాకుందని మా ఆయనకి పెళ్ళైన ఇన్నేళ్ళకి తెలిసింది. సవరం పెట్టావా అని అడిగాడు. మగవాళ్ళ చూపు అంతే, వదిలేయండి.

ఇదేదో నేను కనిపెట్టానని నా ఉద్దేశం కాదు. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళు సగంలో ఆపడాన్ని ఎప్పుడో ఒక కళ చేసుకున్నారు. టెక్స్‌లాక్సింగ్ అని దానికి పేరు. జుట్టుని తిన్నగా చేసే వ్యవహారంలో వాళ్ళ ముందు మనమంతా పసిపిల్లలం. గారెట్ మోర్గన్ కథ విన్నారా? వినలేదా? అయ్యో, అయితే ఆగండి.

క్లీవ్‌లాండ్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే నల్లజాతి మనిషి ఆయన. మిషను సూది వేగానికి ఉన్నిగుడ్డ కమిలిపోతుంటే, కమలకుండా ఏదో ద్రావకం కలుపుతున్నాడు. చేతికంటింది ఒక గుడ్డకి తుడిచి భోజనానికి వెళ్ళాడు. వచ్చి చూస్తే గుడ్డ మీద నూగంతా తిన్నగా పడుకుని ఉంది! వెంటనే ఏం చేశాడనుకున్నారు? పక్కింటి కుక్కకి పూశాడు. ఎయిర్‌డేల్ జాతిది, ఒంటినిండా గిరజాలు. అది ఎంత మారిపోయిందంటే యజమాని గుర్తుపట్టక తరిమేశాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత ధైర్యంగా తన తలకి రాసుకున్నాడు. ముందు కుక్కకి, తర్వాత తనకి, వరస గమనించండి. 1913లో దాని మీద ఒక కంపెనీయే పెట్టాడు. ఇంతకీ ఆయన ఇంకొకటి కూడా చేశాడు. 1923లో ట్రాఫిక్ సిగ్నల్‌కి పేటెంటు తీసుకున్నాడు. సాయంత్రం ఆరింటికి హెబ్బాళ ఫ్లైఓవరు కింద ఆగిపోయినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. జుట్టు సంగతి పరవాలేదు గానీ, ఆ రెండో సంగతి మా ఊరికి ఇంకా పూర్తిగా అందలేదు సారూ.

ఇంకో చోద్యం. తిరుమలలో మనం మొక్కు చెల్లించిన తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులై, సవరాలై సముద్రాలు దాటతాయి. కొని పెట్టుకునేవాళ్ళలో నల్లజాతి ఆడవాళ్ళు చాలామంది. క్రిస్ రాక్ అనే హాస్యనటుడు ఈ తలనీలాల దారి వెతుక్కుంటూ మన దేశం దాకా వచ్చి 2009లో 'గుడ్ హెయిర్' అని డాక్యుమెంటరీ తీశాడు. మన తిన్నని జుట్టు అక్కడికి, అక్కడి తిన్నన చేసే మందు ఇక్కడికి. మధ్యలో ఓడలవాళ్ళు బాగుపడ్డారు.

మందంటే గుర్తొచ్చింది, ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాసేపు నవ్వకండి. అమెరికా నుంచి వచ్చే చెల్లెళ్ళు, వదినెలు ప్రేమతో రిలాక్సర్ డబ్బా పట్టుకొస్తుంటారు. అది వేరే, మన పార్లరు క్రీము వేరే. వాళ్ళ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది హైడ్రాక్సైడు. ఇక్కడి స్మూతెనింగుల్లో థయో. ఒకటి పెట్టిన జుట్టుకి రెండోది తగిలిందా, వెంట్రుకలు పుటుక్కున తెగి చేతికొస్తాయి. డబ్బాని బీరువాలో పెట్టి, చెల్లెలికి కాఫీ ఇవ్వండి. నల్ల మెహందీ పొట్లాల సంగతీ ఇంతే. లోపల లోహపు లవణాలున్న రకమైతే న్యూట్రలైజరుతో పోట్లాట పెట్టుకుంటుంది. ఇంకోటి. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు, స్ట్రెయిటెనర్లు తరచుగా వాడిన ఆడవాళ్ళలో గర్భాశయ క్యాన్సరు ఎక్కువగా కనిపించిందని రాశారు. అందుకే పండగకొకసారి పార్లరుకి పరిగెత్తడం మీద నాకు సదభిప్రాయం లేదు. సరే, ఇక నవ్వచ్చు.

ఇప్పుడు అసలు సరదా. జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కదా? పెరిగేది పాత పద్ధతిలోనే పెరుగుతుంది. పార్లరుకి వెళ్ళొచ్చామని కుదుళ్ళకి ఎవరు చెప్తారు! కొన్ని నెలలు గడిచేసరికి తలమీద రెండు రకాలు. పైన చిట్టి చిట్టి రింగులు, కింద బద్ధకంగా అలలు. పైవాటికి తడి కావాలి. కిందవాటికి బలం కావాలి. ఆ రెండూ కలిసే చోటుంది చూశారూ, అదే అన్నిటికంటే బలహీనం. అక్కడ దువ్వెనతో లాగితే తెగుతుంది. పొడి తల మీద చిక్కుదువ్వెన పెట్టి పైనుంచి కిందికి బర్రున లాగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తడిగా ఉండగా, కండిషనరు పట్టించి, వేళ్ళతోనో వెడల్పాటి పళ్ళ దువ్వెనతోనో, కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. తొందరెందుకు? రేడియో పెట్టుకోండి.

నీళ్ళ సంగతి అడక్కండి. అడిగారా? సరే చెప్తా. మా వీధికి కావేరి రాదు, బోరు నీళ్ళే. ఈ వైపు చాలాచోట్ల వెయ్యి అడుగులు దాటితే గానీ నీళ్ళు పడవు. అంత లోతునించి వచ్చేవి ఉత్త చేతులతో వస్తాయా? కాల్షియం, మెగ్నీషియం మూటగట్టుకొస్తాయి. బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుందే, అది తలమీదా కడుతుంది. సబ్బు వేస్తే నురగ రాదు, జిడ్డు పోదు. కుంకుడుకాయకి మాత్రం ఈ నీళ్ళంటే లెక్కలేదు, ఎంత ఉప్పు నీళ్ళలోనైనా నురగ తెస్తుంది. అందుకే మా అమ్మ హిందూపురం నుంచి సంచిలో వేసి పంపిస్తుంది. అయితే పలచగా పోసుకోవాలి. చిక్కటి రసం పోస్తే క్రీము తిన్న కొసలు ఎండిపోతాయి. కళ్ళు మండుతాయని నేను చెప్పక్కర్లేదు, అది చిన్నప్పుడే అందరికీ అమ్మలు నేర్పారు.

పక్కింటి అజ్జి సలహా వేరు. అజ్జి సగం కన్నడం, సగం తెలుగు. ఆమె మాట కూడా నా జుట్టు మాదిరే. "చక్కోత రసం పుయ్యమ్మా, పుల్లగుంటాది, ఉప్పు కరిగిపోతాది." పులుపుకి ఉప్పుపొర కరుగుతుందన్న మాట నిజమే. కానీ భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మా ఊరి పండు, లోపల ఎర్రగా, తియ్యగా... దాన్ని తీసుకెళ్ళి తల మీద పోసుకోవడమా? నాకు చేతులు రాలేదు అజ్జీ. ఒక చెంచా నిమ్మరసం చెంబుడు నీళ్ళలో కలుపుకుని, చక్కోత మాత్రం తినేశాను.

నూనె దగ్గర ఇక వాదన లేదు. తలంటుకి ముందు రాత్రి కొబ్బరినూనె. ఇది మా నాయనమ్మ మాట మాత్రమే కాదు. 2003లో రేలే, మోహిలే అని ముంబయి పరిశోధకులిద్దరు మూడు నూనెలు పక్కపక్కన పెట్టి చూశారు. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ నూనె పైపైనే ఉండిపోతే కొబ్బరినూనె మాత్రం వెంట్రుక లోపలికి దిగి ప్రోటీను పోకుండా కాపాడిందట. మా నాయనమ్మకి ఈ సంగతి చెప్తే "ఆ మాత్రం దానికి ముంబయి వెళ్ళాలా" అనేది. కోడిగుడ్డు సొన పూసుకునే వాళ్ళకి మాత్రం ఒక చేదు కబురు. గుడ్డులోని ప్రోటీను ముక్క మరీ పెద్దది, వెంట్రుకలోకి దూరదు. హాయిగా ఆమ్లెట్ వేసుకోండి. వేణ్ణీళ్ళు పోసుకుని తలమీదే ఉడకబెట్టుకున్న వాళ్ళని నేనెరుగుదును. పేర్లు చెప్పను.

ఆదివారం తలంటు రోజు మా ఇంట్లో ఇంకెవరికీ బాత్రూం దొరకదు. ముందే చెప్తాను, అయినా సరిగ్గా అప్పుడే అందరికీ అవసరం వస్తుంది. స్టవ్ మీద అవిసె గింజలు. పావు కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్ళు. ఉడుకుతుంటే నీళ్ళు జిగురు తేలి గరిటెకి తీగ సాగుతాయి. వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారాక వడకడదామనుకుంటే గుడ్డనీ గింజల్నీ విడదీయడానికి ఇంకో ఆదివారం కావాలి. ఆ జిగురు తడి జుట్టుకి పట్టించి, గుప్పిట్లో పట్టుకుని పైకి నలిపితే, ఓహో, ఒక్కో పాయా తనంతట తనే తిరుగుతుంది చూడండీ! పైన రింగు, కింద అల, రెండూ కాస్త రాజీకొస్తాయి. తుడవడానికి టర్కీ తువ్వాలు వద్దు, దాని పోగులకి జుట్టు చిక్కుకుంటుంది. మా ఆయన పాత నూలు పంచె ఉంది. తన పంచె ఏమైందని ఆయన ఇంకా వెతుకుతున్నాడు. మీరు చెప్పకండి.

పై రింగులకీ కింది అలలకీ పూర్తిగా సంధి కావాలంటే మన బడి రోజుల విద్యే దిక్కు. గుర్తుందా, రెండు జడలు వేసి మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళం? సాయంత్రం విప్పితే తలంతా అలలే. ఇప్పుడు దాన్ని బ్రెయిడ్-అవుట్ అని ఫోన్లలో నేర్పుతున్నారు. నేనూ రాత్రి తడి తడిగా రెండు జడలు అల్లుకుని పడుకుంటాను. దిండుకి మాత్రం పట్టుగుడ్డ. మాకు పట్టుకేం తక్కువ? పక్కనే శిడ్లఘట్ట, పట్టుగూళ్ళ మార్కెట్టు ఉన్న ఊరు. మా తాలూకాలోనే విజయపుర, అక్కడా పట్టు తీస్తారు. అయినా కొత్త పట్టు దిండుకెవరు వేస్తారు? అమ్మ ధర్మవరం చీర ఒకటి మడతల్లో చీలిపోతే, జరీ లేని భాగం గలేబులయ్యాయి. నూలు దిండు మీద జుట్టు రాసుకుని పొద్దునకి పీచవుతుంది; పట్టు మీద జారుతుంది. నిద్ర కూడా జారుతుంది, దిండు మంచం దిగిపోతుంది. ప్రతిదానికీ ఒక చిక్కు ఉంటుంది కదండీ.

వాతావరణం సంగతి ఎలా మరిచిపోయాను! చలికాలంలో తెల్లవారుజామున ఇక్కడ మంచు దిగుతుంది. విమానాలు ఆలస్యమయ్యేది అప్పుడే. ఆ విషయం విమానాశ్రయం వాళ్ళకంటే ముందు నా తలకి తెలుస్తుంది. గాలిలో తేమ పెరగ్గానే నుదుటి దగ్గర వెంట్రుకలు ఒకటొకటిగా లేస్తాయి. వెటకారం కాదు, శాస్త్రం. 1783లో డి సోస్యూర్ అనే జెనీవా శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతో తేమ కొలిచే యంత్రం చేశాడు. తేమ తగిలితే వెంట్రుక సాగుతుంది, ఆరితే కుదించుకుంటుంది. దానికి ఒక ముల్లు కట్టాడు. మన వాతావరణ శాఖ కేంద్రాల్లోనూ చాలాకాలం వెంట్రుకలు కట్టిన పరికరాలే తేమ గీత గీశాయి. ఆ లెక్కన నన్ను రన్‌వే పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టచ్చు. జీతం మీద బేరం చేస్తాను, అది వేరే సంగతి.

అనేవాళ్ళు అంటూనే ఉంటారు. "తల దువ్వుకోలేదా?" "ఒంట్లో బాగోలేదా?" జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని సామెత చెప్పేదీ వాళ్ళే, నా కొప్పు చూసి మూతి తిప్పేదీ వాళ్ళే. పుట్టపర్తికి వెళ్ళే భక్తులు మా విమానాశ్రయంలో దిగి మా ఊరి మీదుగానే వెళ్తారు. బాబాగారి తలచుట్టూ ఉన్న ఆ ఉంగరాల మేఘాన్ని దువ్వుకోలేదని ఎవరైనా అన్నారా? 2011లో 'అలా మొదలైంది'లో ఉంగరాల జుట్టుతో నిత్యా మీనన్ వచ్చింది, మా బెంగళూరు పిల్లే. 2016లో తెలుగు 'ప్రేమమ్'లో అనుపమా పరమేశ్వరన్ వచ్చింది. అప్పుడు మాత్రం అందరూ ఆహా అన్నారు. తెరమీద ఆహా, పక్కింట్లో ఛీఛీ. హైదరాబాదు ఏసీ గార్డ్స్ పేట చూశారా? నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన అశ్వదళం వాళ్ళ పేట అది. వాళ్ళ పిల్లల తలల మీద రింగులు చూస్తే నావి రింగులని చెప్పుకోవడానికే మొహమాటపడతాను. అంత చక్కగా, అంత బిగువుగా!

పూలు పెట్టుకునే సుఖం చెప్పలేదు కదూ. తిన్నని జుట్టువాళ్ళు మల్లెచెండుకి నాలుగు పిన్నులు గుచ్చినా బస్సు దిగేసరికి అది మెడ మీద ఉంటుంది. నాకు పిన్ను లేదు, గిన్ను లేదు. మూర కనకాంబరాలు అలా వదిలేస్తే చాలు, ఉంగరాలే పట్టుకుంటాయి. సాయంత్రం తీయబోతే రావు. మర్నాడు దువ్వుతుంటే వాడిన కనకాంబరం ఒకటి, ఎప్పటిదో సంపెంగ రేకొకటి రాలతాయి. ఒకసారి తప్పిపోయిన చెవి దిద్దు దొరికింది. బంగారం అంటే బంగారమేనండీ, బ్యాంకు లాకరుకి అద్దె కట్టేవాళ్ళు ఆలోచించుకోవాలి.

రాలిన జుట్టు మాత్రం పారెయ్యను. ఉండ చుట్టి సంచిలో వేస్తాను. ఎందుకంటారా? వెంట్రుకలు కొంటామని అరుచుకుంటూ మోపెడ్ మీద ఒకతను వస్తాడు, స్టీలు సామాన్లు వేలాడేసుకుని. ఈ ఉండలన్నీ చేతులు మారి మారి కొప్పళ పక్కన భాగ్యనగర వైపు చేరతాయి, చిక్కు తీసి విగ్గులకి సిద్ధం చేసే చోటికి. మొన్న వచ్చినప్పుడు నా సంచి విప్పి, ఒక ఉండ తీసి, వేళ్ళతో సాగదీసి, వెలుగులో పెట్టి చూశాడు.

"ఏందమ్మా ఇది, ఇద్దరి వెంట్రుకలు కలిపేసినారు?"

"ఇద్దరివేంటి నాయనా, నా ఒక్కదానివే."

"పైన రింగు, కింద సాఫ్. మోసం చేస్తే ఎట్లమ్మా?"

తల వంచి చూపించాను. కుదుళ్ళ దగ్గర చూశాడు, కొసలు చూశాడు. నమ్మాడు గానీ రేటు తగ్గించాడు. నేను మూత ఉన్న గిన్నె అడిగాను. అతను గరిటె చూపించాడు. అజ్జి గోడ మీంచి నా తరఫున కన్నడంలో అందుకుంది. చివరికి మూత లేని గిన్నె దగ్గర తేలింది. మూతకి సరిపడా జుట్టు ఇంకా రాలాలి.